రాత్రి పది గంటల తరువాత

మదరాసులో పుట్టి పెరిగిన మనవంటి వాళ్ళకు ఏ మాసం నడుస్తున్నదో తెలుసుకోవటానికి పంచాంగం తీయవలసిన పని లేదు. చెవులుంటే చాలు. తెల్లవారుజామున నాలుగున్నరకు కోవెల మైకులో తిరుప్పావై మొదలైతే మార్గళి, అంటే మన ధనుర్మాసం. పొద్దున లేచింది మొదలు రాత్రిదాకా అమ్మవారి పాటలు వీధి దద్దరిల్లేలా మోగుతూ, మలుపులో పెద్ద గంగాళంలో గంజి కాస్తూ ఉంటే ఆడి మాసం. కల్యాణ మండపం వైపు నుంచి డప్పులూ సినిమా పాటలూ కలిసి వస్తే ముహూర్తాల రోజులు. ఊరిపేరు 1996లో చెన్నైగా మారినా మా ఇంట్లో ఇంకా మదరాసే. పేరు మారినంత మాత్రాన చప్పుడు మారలేదు గదా.

నేను చప్పుడుకు శత్రువును కాను. ఈ మాట ముందుగానే మనవి చేసుకుంటున్నాను. ఎందుకంటే ఈ విషయం ఎత్తగానే, 'ఈయనకు దేవుడంటే భక్తి లేదు, పెళ్ళంటే సరదా లేదు' అనేవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. మార్గళి పాటలు నాకు ఇష్టం. ఆ చలిలో దుప్పటి కప్పుకొని పడుకుని వింటే ప్రాణం లేచివస్తుంది. అయితే ఆ దుప్పట్లో పడుకున్న నాకు మరునాడు పదింటికి ఆఫీసు. ఎదురింట్లో రాత్రి ఉద్యోగం చేసి మూడింటికి వచ్చి పడుకున్న కుర్రవాడి సంగతి వేరు.

ఈ వ్యాసం రాయటానికి కారణం రెండేళ్ళ క్రితం మా ఇంట్లో జరిగిన సంగతి. మా అమ్మకు అప్పుడు ఎనభై నిండాయి. గుండె జబ్బుతో పది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. మందులు ఎంత ముఖ్యమో నిద్ర అంత ముఖ్యం అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. అది ఫిబ్రవరి నెల. మా అమ్మాయికి ప్లస్‌టూ పరీక్షలు దగ్గర పడ్డాయి. మా ఇంటి వెనక సందు దాటితే ఒక కల్యాణ మండపం. మేము ఆ ఇంట్లోకి వచ్చినప్పుడు అది చింతచెట్టున్న ఖాళీస్థలం. చెట్టు పోయి మండపం వచ్చినందుకు నాకు విచారమే కాని, నలుగురి పెళ్ళిళ్ళు జరిగే చోటు గదా అని ఓర్చుకున్నాము.

ఆ రాత్రి రిసెప్షన్. పాటల బృందం వచ్చింది. తొమ్మిది దాటింది, పది దాటింది. అమ్మ మంచం మీద లేచి కూర్చుని, 'ఒరే అబ్బాయ్, గుండె దడదడలాడుతున్నది, అది నా గుండెనా, వాళ్ళ డప్పునా తెలియటం లేదురా' అన్నది. నవ్వుతూనే అన్నది. కాని ముఖాన చెమట పట్టింది. మా అమ్మాయి పుస్తకం మూసేసి, ఫోనులో శబ్దం కొలిచే సాధనం తెరిచి చూపింది. వెనక గదిలో 74. ఫోను చెప్పే లెక్క ఉజ్జాయింపే అనుకోండి. అయినా తలుపులు వేసుకున్న గదిలో 74 అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. తరువాత తెలుసుకున్నాను.

చొక్కా తొడుక్కుని మండపానికి వెళ్ళాను. అక్కడి మేనేజరు మర్యాదస్తుడే. 'పెళ్ళివాళ్ళు డబ్బు కట్టారు సార్, నేను ఆపమంటే నా మాట వింటారా' అన్నాడు. పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన వచ్చి, 'జీవితంలో ఒక్కసారి జరిగే పెళ్ళండీ, ఒక్క రాత్రి ఓర్చుకోలేరా' అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. వాళ్ళకు అది ఒక్కటే పెళ్ళి. మాకు ఆ నెలలో అది పదకొండోది. ఈ మాట ఇంటికి తిరిగి వస్తుండగా సందులో తోచింది. అప్పుడు తోచి ఏమి లాభం?

మా ఆవిడే పోలీసులకు 100 నంబరుకు ఫోను చేసింది. ఇరవై నిమిషాల్లో ఇద్దరు వచ్చారు. మోత తగ్గింది. అమ్మకు నిద్ర పట్టేసరికి ఒంటిగంట.

ఆ తరువాత ఆఫీసులో భోజనం వేళ కూర్చుని ఈ విషయంలో చట్టం ఏమి చెబుతున్నదో చదివాను. గుమాస్తా ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు కాగితాలు చదివినవాణ్ణి కాబట్టి నిబంధనల భాష నాకు కొత్త కాదు. చదివిన కొద్దీ ఆశ్చర్యమే కలిగింది. ఇంత స్పష్టంగా రాసిపెట్టిన నియమం మనలో నూటికి పదిమందికైనా తెలుసునా అని.

శబ్దకాలుష్యాన్ని అదుపు చేసే నియమాలు కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరిలో తెచ్చింది. 1986 నాటి పర్యావరణ రక్షణ చట్టం కింద చేసినవి. దేశమంతటికీ ఇవే. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా అని లెక్క. మనుషులు కాపురముండే పేటల్లో పగలు 55 డెసిబెల్లు, రాత్రి 45 దాటరాదు. వ్యాపార ప్రాంతాల్లో పగలు 65, రాత్రి 55. కర్మాగారాలున్న చోట 75, 70. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలమని, అక్కడ పగలు 50, రాత్రి 40 అని. 2017లో చేసిన మార్పు ప్రకారం ప్రభుత్వం విడిగా ప్రకటించిన చోట్లనే నిశ్శబ్ద మండలం వర్తిస్తుంది. ఈ మార్పు నాకు నచ్చలేదు. ఆసుపత్రిలో రోగి ఉన్నాడని ఎవరైనా ప్రకటించాలా?

డెసిబెల్ అనేది మన ఇంటి కూడికల లెక్కకు లొంగే కొలత కాదు. 45కూ 55కూ తేడా పదే గదా అనుకోకూడదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది, చెవికి సుమారు రెట్టింపు మోతగా తోస్తుంది. ఇరవై పెరిగితే శక్తి నూరింతలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే 60 దాకా ఉంటుంది. ఇక మా అమ్మ గదిలో 74 అంటే ఏమిటో మీరే ఊహించుకోండి. నిద్రపోయే గదిలో 30 దాటకుండా ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. మదరాసులో పంకా తిరిగితేనే అంత ఉంటుంది. ఆ లెక్క మనకు అందేది కాదులెండి.

ఇక లౌడుస్పీకరు సంగతి. లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోకుండా పగలైనా సరే పెట్టరాదు. అనుమతి ఉన్నా, అది పెట్టిన బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెల్లు మించరాదు, లేదా 75 దాటరాదు. రెండిటిలో ఏది తక్కువైతే అది. అంటే మన ఇళ్ళున్న వీధుల్లో పగటిపూట 65. రాత్రి పది దాటితే అసలు పనికిరాదు. నాలుగు గోడల మధ్య, తలుపులు మూసుకున్న సభామందిరాల్లో, విందుశాలల్లో లోపలివారికి వినిపించేందుకు మాత్రం వాడుకోవచ్చు. ఏదైనా ఆపద వచ్చి జనానికి చెప్పవలసివస్తే మినహాయింపు. పండుగల కోసం, సాంస్కృతిక ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే పది నుంచి పన్నెండు దాకా అనుమతించవచ్చును. ఏడాది మొత్తం మీద 15 రోజులు మించకుండా. ఆ పదిహేను ఏవో ముందుగానే ప్రకటించాలని 2010లో చేర్చారు. ఆ సంవత్సరమే మరికొన్ని చేర్చారు. ఇళ్ళ మధ్య రాత్రిపూట హారన్ కొట్టరాదు, చప్పుడు చేసే టపాకాయలు కాల్చరాదు, ఇల్లు కట్టే యంత్రాలు నడపరాదు.

టపాకాయల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. దీపావళి నాడు మన తమిళ సోదరులు తెల్లవారక ముందే తలంటు పోసుకుని టపాకాయలు కాలుస్తారు. మనం సాయంత్రం దీపాలు పెట్టాక కాలుస్తాము. చిన్నప్పుడు మా వీధిలో పొద్దున వాళ్ళ మోత, రాత్రి మా మోత. ఇద్దరి పండుగా ఇద్దరికీ దక్కేది, కుక్కలకు మాత్రం రోజంతా నరకం. 2018లో సుప్రీంకోర్టు టపాకాయలకు రోజుకు రెండు గంటలే అన్నప్పుడు, ఏ రెండు గంటలో తమిళనాడు ప్రభుత్వం నిర్ణయించింది. ఉదయం 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8. ఎవరు ఆలోచించి చేశారో కాని, వాళ్ళకొక గంట, మనకొక గంట దక్కింది.

ఫిర్యాదు ఎప్పుడు చేయవచ్చునంటే, శబ్దం పరిమితి కంటే 10 డెసిబెల్లు పైగా ఉన్నప్పుడు, లేదా రాత్రివేళ నియమాలు తప్పినప్పుడు. ఈ రెండో మాట మనవంటి వాళ్ళకు ముఖ్యం. పగలైతే కొలిచి చూపాలి. రాత్రి పది దాటాక ఆరుబయట మైకు మోగితే కొలిచే యంత్రం అక్కర లేదు, గోడగడియారం చాలు. పోలీసు కమిషనరు, కలెక్టరు, డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దీనికి బాధ్యులు. మనకు మాత్రం ముందు గుర్తు రావలసింది 100 లేదా 112.

శిక్ష సంగతి చెబితే నవ్వు వస్తుంది. నలుగురికి ఇబ్బంది కలిగించినందుకు పాత శిక్షాస్మృతిలో 200 రూపాయల జరిమానా ఉండేది. 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయసంహితలో అది 1,000 అయింది. పాతది 1860 నాటిది. నూట అరవై ఏళ్ళు దాటాక ఎనిమిది వందలు పెరిగింది. నా ఇంక్రిమెంటు ఇంతకంటే నయం. పర్యావరణ చట్టం కింద మాత్రం సంగతి వేరు. అంతకుముందు అయిదేళ్ళ దాకా జైలు ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి జైలు తీసివేసి, 10,000 మొదలు 15 లక్షల దాకా జరిమానా పెట్టారు.

ఈ నియమాల వెనక కోర్టుల్లో నడిచిన కథలు కొన్ని ఉన్నవి. మన మదరాసులోనే అప్పారావుగారనే ఒకరు తమిళనాడు ప్రభుత్వం మీద వేసిన వ్యాజ్యంలో, మైకుల వాడకాన్ని అదుపులో పెట్టమని మదరాసు హైకోర్టు ఆదేశాలిచ్చింది. ఆ తీర్పు 1995 నాటి తీర్పుల సంపుటంలో అచ్చయింది. ఆయన ఎవరో నాకు తెలియదు. పేరు చూస్తే మనవారేనేమో అనిపించి ఒకింత గర్వం కలిగింది.

రెండోది మాధవరం హైరోడ్డు దగ్గర జరిగింది. అక్కడొక కాలనీ, ఆ కాలనీలో ఒక ప్రార్థనామందిరం. డ్రమ్ములు, గిటారు, మైకులు. కాలనీవాసుల సంఘం ఫిర్యాదు చేసింది. చప్పుడు మాది కాదు, రోడ్డు మీద పోయే బండ్లది అని మందిరం వారి వాదం. కాలుష్య నియంత్రణ మండలి కొలిచి, బండ్ల రొద కూడా ఉన్నమాట నిజమేనన్నది. హైకోర్టు మాత్రం అప్పారావుగారి కేసులో చెప్పిన ఆదేశాలు పాటించాలన్నది. మందిరం వారు మతస్వేచ్ఛ అంటూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు ఆ అప్పీలు కొట్టివేసింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని, మైకులు పెట్టి, డప్పులు కొట్టి చేయమనీ చెప్పలేదని ఆ తీర్పు సారాంశం. చదువుకునే పిల్లలు, పసిపాపలు, ముసలివాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, వీళ్ళ హక్కుల మాట కూడా అందులో ఉన్నది. చదువుతుంటే మా ఇల్లే కనిపించింది నాకు.

మూడోది చెప్పటానికి కష్టంగా ఉన్నది కాని చెప్పక తప్పదు. 1998 జనవరిలో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల మీద అత్యాచారం జరుగుతుంటే ఆమె పెట్టిన కేకలు పక్కనే మోగుతున్న లౌడుస్పీకరు మోతలో ఎవరికీ వినబడలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల నిప్పంటించుకుని చనిపోయింది. దాన్ని చూపి ఒక ఇంజనీరు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2005 జూలై 18న ప్రధాన న్యాయమూర్తి లాహోతీగారి ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రి పది నుంచి ఆరు దాకా మైకు, డప్పు, బాకా ఏదీ మోగరాదని గట్టిగా చెప్పినది ఆ తీర్పే.

ఇదంతా చదివి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, 'ఇక మండపం వాళ్ళ సంగతి చూస్తాను' అనుకున్నాను. చూశాను కూడా. అర్జీ ఇచ్చాను. ఇప్పుడు వాళ్ళు తొమ్మిదిన్నరకే పాటలు ఆపిస్తున్నారు, కిటికీలు మూస్తున్నారు. ఇక్కడితో వ్యాసం ముగిస్తే నేను గొప్పవాణ్ణి అయ్యేవాణ్ణి.

ఆ ఏప్రిల్‌లో శ్రీరామనవమి వచ్చింది.

మా పేటలో మన తెలుగువాళ్ళ సంఘం తొమ్మిది రోజులు పందిరి వేస్తుంది. మా తాతల నాటి నుంచి వస్తున్న ఆచారం. పానకం, వడపప్పు, రోజూ సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం. నేను సంఘానికి కార్యదర్శిని కాకపోయినా కాగితం పని నాదే. పోలీసుల అనుమతి కోసం దరఖాస్తు నేనే రాస్తాను. ఆ ఏడు కూడా నేనే రాశాను. కార్యక్రమం రాత్రి పది గంటలకు ముగిస్తామని అందులో ఉన్నది. ఆ వాక్యం నా చేతి రాతే.

ఏడో రోజు హరికథ. దాసుగారు ఆంధ్ర నుంచి వచ్చారు. మంచి గాత్రం, మంచి హాస్యం. సీతాకల్యాణం చెబుతున్నారు. ఏడున్నరకు మొదలు కావలసింది ఎనిమిదింబావుకు మొదలైంది. సన్మానం, దండలు, అధ్యక్షులవారి ఉపన్యాసం, తరువాత మరొకరి ఉపన్యాసం. ఇవి లేకుండా మన సంఘాల్లో ఏదైనా మొదలవుతుందా? పది గంటలయేసరికి రాముడు ఇంకా మిథిలలో అడుగుపెట్టి కూర్చున్నాడు. రాజులు ఒక్కొక్కరే వచ్చి వింటిని కదపలేక పోతున్నారు. నేను గడియారం చూసుకుని, అధ్యక్షులవారి దగ్గరకు వెళ్ళి, 'టైమయిందండీ' అన్నాను. ఆయన నా వంక చూసి, 'ఏమోయ్, విల్లు విరగకుండా కథ ఆపమంటావా' అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. పోయి కూర్చున్నాను.

విల్లు విరిగేసరికి పదీ నలభై. మంగళం పాడేసరికి పదకొండుకు అయిదు నిమిషాలు. అంతవరకూ స్తంభానికి కట్టిన రెండు గొట్టం మైకులూ వీధిలోకే తిరిగి ఉన్నాయి.

మా వరసలో నాలుగో ఇంట్లో ఒక తమిళతను ఉంటాడు. చిన్న వ్యాను నడుపుతాడు. రాత్రి రెండింటికి లేచి కోయంబేడు మార్కెట్టుకు పోయి, కూరగాయల బస్తాలు ఎక్కించుకుని తెల్లవారేలోపు నాలుగు చోట్ల దింపి వస్తాడు. ఎనిమిదింటికే పడుకునే మనిషి. బడికి సెలవు ఉన్నప్పుడు కొడుకును సాయం తీసుకుపోతాడు. ఆ మరునాడు పొద్దున ఆసుపత్రి నుంచి కొడుకుతో వస్తూ నాకు ఎదురుపడ్డాడు. కుర్రవాడి చేతికి కట్టు. తెల్లవారుజామున కునుకు పట్టి, బండి రోడ్డు మధ్యనున్న గోడకు తగిలిందట. పిల్లవాడి చెయ్యి విరిగింది. ఇంకేమీ కాలేదు, దేవుడు కాపాడాడు అన్నాడు.

'ఏమి తంబీ, రాత్రి నిద్ర లేదా' అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

అతను నేల చూశాడు. 'మీ కోవెల పండుగ గదా అణ్ణా. పదింటికి ఆపుతారని చూశాను. వచ్చి చెబుదామా అనుకున్నాను. రాముడి పేరు, పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఎలా చెప్పేది' అన్నాడు.

అతను పోలీసులకు ఫోను చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

ఆ నెలాఖరు కమిటీ సమావేశంలో ఈ సంగతి లేవనెత్తాను. బండి ప్రమాదానికీ మన హరికథకూ సంబంధం ఏమిటని ఒకరు, అతను తాగి ఉంటాడని మరొకరు. ఆ రెండో మాట విని నాకు కోపం వచ్చింది. అధ్యక్షులవారు చెప్పినది మాత్రం అంత తేలికగా తోసివేయదగిన మాట కాదు. ఆయన డెబ్భై దాటిన మనిషి, ఈ పందిరిని యాభై ఏళ్ళుగా నిలబెట్టినవాడు. 'ఆడి మాసంలో నెల్లాళ్ళు వాళ్ళ పాటలు మనం వింటున్నాం. ఒక్కరం నోరెత్తామా? ఈ వీధిలో తెలుగు మాట పైకి వినబడేది ఏడాదికి తొమ్మిది రోజులు. మన పిల్లలకు బళ్ళో తెలుగు లేదు, ఇంట్లో సగం తమిళం. దారిన పోయేవాడికి ఇక్కడ తెలుగువాళ్ళున్నారని తెలిసేది ఆ మైకు వల్లనే. దాన్ని కూడా మన చేతులతో మనమే దింపుకోవాలా' అన్నారు. అంటూ ఉంటే ఆయన గొంతు వణికింది.

నాకు వెంటనే మాట రాలేదు. ఆయన బాధ నాకు తెలియనిది కాదు. మా అమ్మాయి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అయినా అన్నాను. హరికథ వినేవాళ్ళు పందిట్లో కూర్చున్నారు. స్తంభం మీది గొట్టాలు వినిపించేది ఆ భాష రానివాళ్ళకు, నిద్రపోతున్నవాళ్ళకు. వాళ్ళకు తెలుగు చేరటం లేదండీ, మోత చేరుతున్నది అన్నాను. పైగా దరఖాస్తులో పది అని రాసింది నేను. మండపం మీద అర్జీ పెట్టినదీ నేనే. ఆ రెండు కాగితాలూ ఒకే స్టేషనులో ఉన్నాయి.

చాలాసేపు వాదోపవాదాలు జరిగాయి. చివరకు తేలినదేమంటే, గొట్టం మైకులు వద్దు. పందిట్లోనే రెండు పెట్టె స్పీకర్లు, జనం వైపు తిప్పి. కార్యక్రమం ఆరింటికే మొదలు. ఉపన్యాసాలు చివర, వినేవాళ్ళుంటే. తొమ్మిదీ ముప్పావుకు మంగళం. అధ్యక్షులవారు చేయి ఎత్తలేదు, కాదనీ అనలేదు. పోయిన ఏడు అలాగే జరిపాము. హరికథకు దాసుగారే మళ్ళీ వచ్చారు. 'రెండున్నర గంటలా? చాలును బాబూ, ఉపన్యాసాలు లేకపోతే రామాయణం మొత్తం చెప్పేస్తాను' అన్నారు. విల్లు ఎనిమిదిన్నరకే విరిగింది. అధ్యక్షులవారు ఆ తొమ్మిది రోజులూ రాలేదు. చందా మాత్రం మనవడి చేత పంపించారు, ఎప్పటికంటే ఎక్కువే. ఈ ఏడు కూడా రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్ళి పిలిచాను. కాఫీ ఇచ్చి, వేరే సంగతులు మాట్లాడి పంపించారు.

కుర్రవాడి చెయ్యి అతుక్కుంది. వాళ్ళ నాన్న నన్ను చూస్తే ఎప్పటిలాగే 'అణ్ణా' అంటాడు. పందిరి సంగతి మా మధ్య మళ్ళీ రాలేదు.

ఆడి మాసంలో అమ్మవారి కోవెల కుర్రాళ్ళ దగ్గరకు కూడా వెళ్ళాను. ఈసారి చేతిలో చట్టం కాగితాలు లేవు. మా పందిట్లో గొట్టాలు తీసేశామని చెప్పి, మీది ఒకటి మా వాటా వైపు ఉన్నది, కాస్త తిప్పుతారా అని అడిగాను. ఒకటి తిప్పారు. రెండోది తిప్పితే వీధి చివరి వాళ్ళకు వినబడదన్నారు. రాత్రి పదికి మాత్రం ఆపుతున్నారు. ఒకటి రెండు రోజులు పదింబావు అయింది, నేను చూసీ చూడనట్లు ఊరుకున్నాను.

ఒక్క మాట దాచాను, అది కూడా చెబుతాను. పందిరి గొట్టాలు తీసినందుకు నన్ను అందరికంటే ఎక్కువ తిట్టినది మా అమ్మ. ఆ హరికథ రాత్రి పదకొండు దాకా ఆమె మేలుకునే ఉన్నది. గుండె దడ లేదు, ఏమీ లేదు. మంచం మీద పడుకుని కథంతా విన్నది. విల్లు విరిగినప్పుడు పందిట్లో జనం చప్పట్లు కొడితే ఇక్కడ తానూ కొట్టిందట, మా ఆవిడ చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె అంత సంతోషంగా ఉన్న రాత్రి అదేనట. నడవలేని మనిషి, మెట్లు దిగలేదు. గొట్టాలు పోయాక ఆమెకు హరికథ లేదు.

పోయిన ఏడు మా అమ్మాయి పందిట్లో ముందు వరసలో కూర్చుని కథంతా ఫోనులో పట్టి తెచ్చి, నాయనమ్మ చెవి దగ్గర పెట్టింది. స్పష్టంగానే వినబడుతున్నది. అమ్మ కాసేపు విని, 'బాగానే ఉన్నదే తల్లీ, కాని వీధిలోంచి రావటం లేదు' అని కళ్ళు మూసుకుంది. మా అమ్మాయి నా వంక చూసింది. నేను కిటికీ తలుపు తీసి, ఫోను తీసుకుపోయి కిటికీ అంచున పెట్టాను. అప్పటికి తొమ్మిదీ యాభై అయింది.